ఎంఎస్ జబ్బు, ఎమ్మారై స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే పేరు డాక్టర్ నోట విన్నప్పుడో, స్కాన్ రిపోర్టు చివర్లో కనబడినప్పుడో ఇంట్లో మొదలయ్యే ప్రశ్నలివి. మందుల గురించి ఇక్కడ కొద్దిగానే ఉంటుంది, స్కాన్ గురించే ఎక్కువ. ఇది చదివి మీ అంతట మీరు మందు మొదలుపెట్టడం, ఆపడం మాత్రం చేయకండి. డాక్టర్‌ని ఏం అడగాలో రాసుకోవడానికి పనికొస్తే చాలు.

ఎమ్మారైలో ఎంఎస్ ఎలా కనబడుతుంది?

మెదడు, వెన్నుపాము, కంటి నరం, ఈ మూడింటిలోని నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతాలు వేగంగా, చెదరకుండా వెళ్లాలంటే ఆ పొర కావాలి. ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే దాని మీద దాడి చేస్తుంది. పొర ఊడిన చోట వాపు వస్తుంది, తర్వాత మచ్చ మిగులుతుంది. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టర్ ఈ జబ్బును విడిగా వర్ణించిన రోజుల్లో ఆ మచ్చలు చూడాలంటే పోస్టుమార్టమే దారి. బతికున్న మనిషిలో వాటిని చక్కగా చూడగలగడం 1981 నుంచే. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం ఆ ఏడాది, సీటీ స్కాన్‌కు అందని మచ్చలు ఎన్నో ఈ కొత్త పద్ధతిలో బయటపడుతున్నాయని చూపించింది.

ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంతం మధ్య రేడియో తరంగాలకు ఎలా స్పందిస్తాయో కొలిచి ఎమ్మారై బొమ్మ తయారుచేస్తుంది. మైలిన్ దెబ్బతిని వాపు వచ్చిన చోట నీరు పెరుగుతుంది. అందుకే టీ2 అనే రకం చిత్రాల్లో ఆ చోటు తెల్లగా కనబడుతుంది. చిక్కేమిటంటే మెదడు లోపలి గదుల్లో ఉండే ద్రవమూ నీరే, అదీ తెల్లగానే వస్తుంది. దాన్ని ఆనుకుని ఉన్న మచ్చ అందులో కలిసిపోతుంది. ఫ్లెయిర్ అనే పద్ధతిలో ఆ ద్రవాన్ని నల్లగా మార్చేస్తారు. అప్పుడు మచ్చలు విడిగా తేలతాయి. ఎంఎస్ అనుమానం ఉన్న స్కాన్‌లో డాక్టర్ ముందుగా తెరిచేది సాధారణంగా ఫ్లెయిర్ చిత్రాలనే.

తలను పక్క నుంచి కోసినట్టు చూపించే ఫ్లెయిర్ చిత్రం ఒకటి ఉంటుంది. మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్ట మధ్యలో కనబడుతుంది. ఎంఎస్‌లో ఆ కట్ట అంచు నుంచి కోలగా, నిలువుగా తెల్లటి గీతలు పైకి లేచి ఉంటాయి. వీటినే డాసన్ ఫింగర్స్ అంటారు. 1916లో ఎడిన్‌బరోలో జేమ్స్ డాసన్ మృతుల మెదళ్లను పరీక్షించి రాసిన వర్ణన వల్ల వచ్చిన పేరు. వాపు చిన్న చిన్న సిరల వెంట పాకుతుంది, ఆ సిరలు అక్కడ నిలువుగా వెళ్తాయి కాబట్టి మచ్చలకూ ఆ ఆకారం వస్తుంది.

దీనిలో రేడియేషన్ ఉంటుందా? మాటిమాటికీ తీయిస్తే ప్రమాదమా?

ఎక్స్‌రే, సీటీలలో ఉండే రకం రేడియేషన్ ఎమ్మారైలో లేదు. ఏటా తీయించినా ఆ భయం అక్కర్లేదు. ఖర్చు, శ్రమ, కాంట్రాస్ట్ మందు (కొత్త వాపును స్కాన్‌లో వెలిగించడానికి నరంలోకి ఎక్కించేది) గురించి ఆలోచించాలి గానీ రేడియేషన్ గురించి కాదు.

రిపోర్టులో తెల్ల మచ్చలు, డీమైలినేషన్ (మైలిన్ ఊడటం) అని రాశారు. ఎంఎస్ ఖాయమైనట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

మెదడులో తెల్ల మచ్చ పడటానికి కారణాలు చాలా ఉన్నాయి. బీపీ, షుగర్, పొగతాగే అలవాటు, వయసు, మైగ్రేన్, ఇవన్నీ చిన్న చిన్న మచ్చలు వేస్తాయి. బీ12 లోపం వెన్నుపామును దెబ్బతీస్తుంది. మన దేశంలో క్షయ వల్ల, మెదడులో చేరే బద్దెపురుగు తిత్తుల వల్ల వచ్చే గడ్డలు కూడా ఉంటాయి. కొన్ని కీళ్లవాత జబ్బులు, రక్తనాళాల వాపు, పిల్లల్లో జ్వరం తర్వాత వచ్చే అడెమ్ అనే జబ్బు, ఇవన్నీ ఎంఎస్‌ను పోలిన చిత్రాన్ని చూపగలవు.

పైగా ఎంఎస్ మన దగ్గర అరుదు. కెనడాలో లక్షకు 200 మందికి పైగానే ఉంటే, మంగళూరు నగరంలో జరిగిన సర్వేలో లక్షకు దాదాపు 8 మంది లెక్క తేలింది. జబ్బు అరుదైన చోట, దాన్ని పోలినవి మామూలైన చోట, ఒక్క రిపోర్టు వాక్యాన్ని పట్టుకుని ఎంఎస్ అనేయడంలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. తలనొప్పికి స్కాన్ తీయించుకుని, నాలుగు చుక్కలు చూసి, గూగుల్ చేసి, నెలల తరబడి టెన్షన్‌తో గడిపేవాళ్లే అసలైన ఎంఎస్ రోగుల కన్నా ఎక్కువ మంది ఉంటారని నా నమ్మకం.

రేడియాలజిస్ట్ కూడా నిర్ధారణ రాయరు. సంభావ్యత రాస్తారు. రిపోర్టు చివర ఉండే ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’ అనే మాట మొక్కుబడిగా కనిపించినా దానికి అర్థం ఉంది: ఈ బొమ్మను రోగి చెప్పే కథతో, డాక్టర్ చేసే పరీక్షతో కలిపి చూడండి, అంతవరకు తీర్పు లేదు అని.

మరి డాక్టర్ ఎలా తేల్చుకుంటారు?

మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు అనేవి ఉన్నాయి. న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన న్యూరాలజిస్ట్ ఇయాన్ మెక్‌డొనాల్డ్ నాయకత్వంలో 2001లో వచ్చాయి. తర్వాత 2005, 2010, 2017, 2024లలో సవరించారు. వాటి వెనుక ఉన్న ఆలోచన పాతదే: జబ్బు ఒకటి కన్నా ఎక్కువ చోట్ల ఉందా, ఒకటి కన్నా ఎక్కువ సార్లు దాడి చేసిందా, ఇంకే జబ్బూ దీన్ని వివరించలేదా?

చోటు విషయంలో లెక్కలోకి వచ్చేవి ఇవి: మెదడు గదులను ఆనుకుని ఉన్న ప్రాంతం, మెదడు పైపొర లేదా దాన్ని తాకుతూ ఉన్న భాగం, మెదడు కాండమూ చిన్నమెదడూ ఉన్న కింది భాగం, వెన్నుపాము. 2017 ప్రమాణాల ప్రకారం ఈ నాలుగింటిలో కనీసం రెండు చోట్ల మచ్చలుండాలి. 2024 సవరణలో కంటి నరాన్ని ఐదో చోటుగా చేర్చారు. తాకుతూ అనే మాట ముఖ్యం. మైగ్రేన్, బీపీ చుక్కలు సాధారణంగా మధ్యలో ఎక్కడో తేలుతూ ఉంటాయి, అటు గదినీ ఇటు పైపొరనూ తాకవు. మచ్చ కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలని కూడా చూస్తారు.

సమయం విషయంలో, కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు వెలిగే కొత్త మచ్చ, వెలగని పాత మచ్చ ఒకే స్కాన్‌లో ఉంటే రెండు వేర్వేరు సమయాల్లో దాడి జరిగినట్టు లెక్క. తర్వాతి స్కాన్‌లో కొత్త మచ్చ వచ్చినా సరే. లేదంటే నడుము దగ్గర నీరు తీసి పరీక్షిస్తే ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (రోగనిరోధక వ్యవస్థ అక్కడ తయారుచేసే యాంటీబాడీల గుర్తులు) కనబడటం దీనికి బదులుగా సరిపోతుంది. 2024 సవరణ ఇంకో అడుగు వేసింది: ఎంఎస్‌కు తగ్గ లక్షణాలున్న మనిషికి ఐదు చోట్లలో నాలుగింట మచ్చలుంటే, సమయం రుజువు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఇటీవల వాడుకలోకి వస్తున్న ఇంకో ఆనవాలు, మచ్చ నడిమధ్య సన్నని సిర కనబడటం. సిరలను బాగా చూపించే ప్రత్యేక చిత్రాల్లో తెల్ల మచ్చ మధ్య నల్ల గీతలా ఉంటుంది. ఎంఎస్ మచ్చల్లో ఇది ఎక్కువ, బీపీ మచ్చల్లో తక్కువ. 50 దాటినవాళ్లకు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు రెండింటినీ విడదీయడంలో బాగా పనికొస్తుంది. అన్ని సెంటర్లూ ఈ చిత్రాలు తీయవు, అడిగి తెలుసుకోవాలి.

ఎన్ఎంఓ, మాగ్ పరీక్షలు కూడా రాశారు. ఎంఎస్ అని అనుమానం ఉంటే అవెందుకు?

రాశారంటే మీ డాక్టర్ జాగ్రత్తగా ఆలోచిస్తున్నారన్నమాట. ఎన్ఎంఓ, మాగ్ జబ్బులు కూడా కంటి నరాన్ని, వెన్నుపామునే దెబ్బతీస్తాయి. పైకి చూస్తే ఎంఎస్ లాగే ఉంటాయి. కానీ ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నాటాలిజుమాబ్ లాంటివి ఎన్ఎంఓ రోగికి ఇస్తే జబ్బు ముదిరే ప్రమాదం ఉంది. అందుకే ముందే తేల్చుకోవాలి.

స్కాన్‌లో తేడా వెన్నుపాము దగ్గర బాగా తెలుస్తుంది. ఎంఎస్ మచ్చ పొట్టిది, సాధారణంగా రెండు వెన్నుపూసల పొడవు దాటదు, వెన్నుపాములో ఒక పక్కకు ఉంటుంది. ఎన్ఎంఓలో వాపు మూడు వెన్నుపూసలు, అంతకు మించి పొడవునా, మధ్యభాగమంతా పరుచుకుంటుంది. స్కాన్ అనుమానం రేపితే ఎన్ఎంఓకు ఆక్వాపోరిన్-4, మాగ్ జబ్బుకు మాగ్ యాంటీబాడీల రక్తపరీక్ష తేలుస్తుంది.

మెదడు స్కాన్ తీశారుగా, మళ్లీ వెన్నుకి కూడా ఎందుకు?

వయసుతోనూ, బీపీతోనూ మెదడులో చుక్కలు వస్తాయి గానీ వెన్నుపాములో రావు. అందుకే వెన్నుపాములో దొరికిన ఒక్క చిన్న మచ్చ, మెదడులోని పది అనుమానపు చుక్కల కన్నా గట్టి సాక్ష్యం. రోగనిర్ధారణ సమయంలో మెదడుతో పాటు వెన్నుపాము, కనీసం మెడ భాగం, తీయించడం మంచిది. తర్వాత ఏటా జరిగే స్కాన్లలో చాలామందికి మెదడు ఒక్కటే సరిపోతుంది.

చూపు మసకబారి, కన్ను తిప్పితే నొప్పి వచ్చినవాళ్లకు కంటి గుంటల చిత్రాలు కూడా రాస్తారు. మామూలు మెదడు స్కాన్‌లో కంటి నరం చుట్టూ ఉన్న కొవ్వు తెల్లగా వచ్చి అసలు వాపును కప్పేస్తుంది. కొవ్వును అణచివేసే పద్ధతి విడిగా అడగాలి.

స్కాన్ నార్మల్ అని వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

చాలావరకు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో, ఎంఎస్‌ను పోలిన మొదటి దాడి వచ్చినవాళ్లను 20 ఏళ్లపాటు గమనించారు. మొదటి స్కాన్‌లో మచ్చలున్నవాళ్లలో 82 శాతం మందికి తర్వాత ఎంఎస్ తేలింది. స్కాన్ శుభ్రంగా ఉన్నవాళ్లలో 21 శాతం మందికి. అంటే నార్మల్ స్కాన్ మంచి వార్తే, గ్యారంటీ మాత్రం కాదు. కళ్లకు కట్టినట్టు ఎంఎస్ లక్షణాలుండి మెదడు స్కాన్ నార్మల్ అయితే వెన్నుపాము చూశారా లేదా అని అడగండి.

ఏ లక్షణమూ లేదు. తలకు దెబ్బ తగిలితే తీసిన స్కాన్‌లో ఎంఎస్ లాంటి మచ్చలు కనబడ్డాయి. ఇప్పుడేం చేయాలి?

దీనికి 2009లో రేడియోలాజికల్లీ ఐసోలేటెడ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు, రిస్ అని పొట్టిగా అంటారు. ముందు ఆ మచ్చలు నిజంగా ఎంఎస్ తీరువేనా, మామూలు చుక్కలా అన్నది ఎంఎస్ చూసే న్యూరాలజిస్టుతో చూపించుకోవాలి. నిజంగా ఆ తీరువే అయితే, ఇలాంటివాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఐదేళ్లలో, దాదాపు సగం మందికి పదేళ్లలో మొదటి లక్షణం బయటపడుతుందని పలు దేశాల రోగులను గమనించిన అధ్యయనాలు చెబుతున్నాయి. చిన్న వయసు, వెన్నుపాములో మచ్చ, నడుము నీటిలో బ్యాండ్లు ఉంటే అవకాశం ఇంకాస్త ఎక్కువ. 2024 ప్రమాణాల ప్రకారం వీరిలో కొందరిని లక్షణాలు లేకుండానే ఎంఎస్ కింద లెక్కించవచ్చు. మిగతావాళ్లకు కొంతకాలం ఆగి మళ్లీ స్కాన్ తీస్తారు.

కాంట్రాస్ట్ ఎందుకు ఎక్కిస్తారు? అది మెదడులో ఉండిపోతుందని విన్నాం, నిజమేనా?

గడోలినియం అనే లోహం కలిసిన మందు అది. మామూలుగా మెదడులోకి రక్తం నుంచి ఏది పడితే అది దూరకుండా ఒక అడ్డు ఉంటుంది. కొత్త వాపు ఉన్న చోట ఆ అడ్డు సడలుతుంది, గడోలినియం లోపలికి కారి అక్కడ వెలుగుతుంది. ఈ వెలుగు సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలే ఉంటుంది. కాబట్టి వెలిగే మచ్చ అంటే ఇటీవలి దాడి అని అర్థం.

ఉండిపోవడం నిజమే. కొద్ది మోతాదు మెదడులో మిగులుతోందని 2014లో జపాన్ పరిశోధకులు గమనించారు. 2017లో యూరప్ నియంత్రణ సంస్థ, ఎక్కువగా మిగిలే లీనియర్ రకం మందులను చాలావరకు పక్కన పెట్టించింది. మ్యాక్రోసైక్లిక్ రకం చాలా తక్కువ మిగులుతుంది, ఇప్పుడు వాడాల్సింది ఆ రకమే. మిగిలిన దాని వల్ల మెదడుకు హాని జరిగినట్టు రుజువు కాలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో మాత్రం పాత రకం మందులతో చర్మం బిగుసుకుపోయే తీవ్రమైన సమస్య వచ్చింది, అందుకే క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు.

మొదటి స్కాన్‌లో కాంట్రాస్ట్ చాలా ఉపయోగం. ఏటా జరిగే మామూలు పరిశీలనకు అక్కర్లేదని 2021లో యూరప్, అమెరికా నిపుణులు కలిసి ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తే కొత్త మచ్చ కాంట్రాస్ట్ లేకుండానే తెలిసిపోతుంది. మన దగ్గర చాలా చోట్ల ప్రతిసారీ అలవాటుగా రాసేస్తున్నారు. ‘ఈసారి తప్పనిసరా?’ అని మర్యాదగా అడగడంలో తప్పులేదు, బిల్లు కూడా తగ్గుతుంది.

1.5 టెస్లానా, 3 టెస్లానా? పేరున్న సెంటర్‌కే వెళ్లాలా?

టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత. 3 టెస్లాలో చిన్న మచ్చలు ఇంకొంచెం బాగా కనబడతాయి. 1.5 టెస్లా అయినా సరిగ్గా తీస్తే ఎంఎస్‌కు సరిపోతుంది. అంతకన్నా తక్కువ శక్తి ఉన్న ఓపెన్ ఎమ్మారైలు ఈ పనికి చాలవు.

మెషీన్ శక్తి కన్నా ఎలా తీశారన్నదే ముఖ్యం. మందం ఎక్కువగా, మధ్యలో ఖాళీలు వదులుతూ గబగబా తీసిన స్కాన్‌లో 3 మిల్లీమీటర్ల మచ్చ ఆ ఖాళీలోకి జారిపోవచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘ఎంఎస్ ప్రోటోకాల్, త్రీడీ ఫ్లెయిర్’ అని డాక్టర్ చీటీ మీద రాయించుకోండి. ఆ తర్వాత వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద తీయించండి. వేర్వేరు కాటాల మీద తూచిన బియ్యానికి తేడా ఎందుకొచ్చిందని గొడవపడినట్టే, వేర్వేరు పద్ధతుల్లో తీసిన రెండు స్కాన్లను పోల్చి మచ్చలు పెరిగాయా తగ్గాయా అని వాదించడం.

స్కాన్‌కు ఎలా వెళ్లాలి? పుస్తెలతాడు తీయాలా?

తీయాలి. బంగారాన్ని అయస్కాంతం లాగదు గానీ, లోహం కాబట్టి వేడెక్కవచ్చు, మెడ భాగం బొమ్మను పాడుచేయవచ్చు. తీయడానికి మనసొప్పని వాళ్లు ముందురోజే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్తే సరి, దానికి అయస్కాంతంతో పేచీ లేదు. నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక, గాజులు, మొలతాడు, రాగి రేకు ఉన్న తాయెత్తు, జడపిన్నులు, జాకెట్టుకు పెట్టిన పిన్నీసు, అన్నీ ఇంట్లోనే వదిలేయండి. జరీ చీర వద్దు, కాటుక, మస్కారా వద్దు. బిగుసుకుపోయిన మెట్టెలు అక్కడ సబ్బునీళ్లతో లాగుతూ కూర్చుంటే మీ స్లాట్ పోతుంది.

అయస్కాంతం స్కాన్ జరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే తోడు వచ్చినవాళ్లకూ ఇవే నియమాలు. ఇనుప చక్రాల కుర్చీ, ఆక్సిజన్ సిలిండర్, ఫోను, ఏటీఎం కార్డులు ఆ గదిలోకి వెళ్లకూడదు. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి పాత క్లిప్ ఉంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పాలి. వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసినవాళ్లు కంట్లో ఎప్పుడైనా ఇనుప రవ్వ పడి ఉంటే అది కూడా చెప్పాలి, ముందు ఎక్స్‌రే తీసి చూస్తారు. దంతాల సిమెంటు, ఎముకకు వేసిన టైటానియం ప్లేటు, గుండె స్టెంట్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇంప్లాంట్ కార్డు వెంట ఉంచుకోండి.

ఎంఎస్ ఉన్నవాళ్లకు ఇంకో రెండు మాటలు. మెదడు, వెన్ను మొత్తం కాంట్రాస్ట్‌తో తీస్తే గంట దాటిపోతుంది. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉంటే పడుకునే ముందు తప్పకుండా వెళ్లి రండి, మధ్యలో లేస్తే మొదటి నుంచి తీయాల్సి రావచ్చు. కాళ్లు పట్టేసి ఎగిరిపడేవాళ్లు బ్యాక్లోఫెన్ మాత్ర మామూలు వేళకే వేసుకోవాలి, స్కాన్ కదా అని మానేయకూడదు. గది చల్లగా ఉంటుంది, చలికి బిగుసుకుపోతారనుకుంటే దుప్పటి అడగండి.

ఆ గొట్టంలో ఊపిరాడదేమో అని భయం.

చాలామందికి ఉంటుంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందే చెప్పండి. చేతికి ఒక రబ్బరు బల్బు ఇస్తారు, నొక్కితే వెంటనే బయటికి తీస్తారు. తలుపు మూయక ముందే కళ్లు మూసుకుని, స్కాన్ అయ్యేదాకా తెరవకుండా ఉండటం చాలామందికి పనిచేస్తుంది. దడదడమని వచ్చే చప్పుడు లోపలి కాయిల్స్ కరెంటు మారినప్పుడల్లా అదరడం వల్ల, అది మామూలే. చెవులకు ప్లగ్గులు అడిగి పెట్టుకోండి. మరీ భయమైతే డాక్టర్ సూచనతో మత్తు మాత్ర వేసుకోవచ్చు, అప్పుడు బండి నడుపుతూ ఇంటికి రాకూడదు.

స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించాక స్కాన్ తీస్తే తేడా వస్తుందా?

వస్తుంది. స్టెరాయిడ్ వాపును తగ్గించి, వెలగాల్సిన మచ్చను కూడా వెలగకుండా చేయగలదు. వీలైతే ముందు స్కాన్, తర్వాత స్టెరాయిడ్. కానీ చూపు పడిపోతుంటే, కాళ్లు చచ్చుబడుతుంటే స్కాన్ స్లాట్ కోసం చికిత్స ఆపకూడదు.

మందులు మొదలయ్యాక స్కాన్లు ఎంత కాలానికి ఒకసారి?

మందుకు ముందు ఒకటి. మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలలకు ఇంకోటి. ఆ తర్వాత ఏడాదికోసారి, జబ్బు ఏళ్ల తరబడి నిలకడగా ఉంటే డాక్టర్ వ్యవధి పెంచవచ్చు. రెండో స్కాన్ ఖర్చు దండగ అనిపిస్తుంది గానీ నిజానికి అదే కీలకం. చాలా మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు, నెలలు పడుతుంది. ఆ మధ్యలో వచ్చిన మచ్చను మందు వైఫల్యం కింద లెక్కేయకూడదు. ఆరో నెల స్కాన్‌ను కొత్త గీతగా పెట్టుకుని, ఆ తర్వాత వచ్చేవాటినే మందు ఖాతాలో వేస్తారు.

నాటాలిజుమాబ్ వాడేవాళ్లలో జేసీ వైరస్ పాజిటివ్ ఉండి ప్రమాదం ఎక్కువ అనుకుంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి తీస్తారు. ఆ వైరస్ తెచ్చే పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్‌ను లక్షణాలు రాకముందే పట్టుకోవడానికి. ఈ స్కాన్లు మాత్రం వాయిదా వేయకండి.

ఒంట్లో బాగానే ఉంది, కానీ కొత్త మచ్చలు వచ్చాయన్నారు. మందు మార్చాలా?

బయటికి తెలిసే ఒక్కో దాడికి స్కాన్‌లో ఐదు నుంచి పది కొత్త మచ్చలు కనబడతాయని అంచనా. మెదడులో చాలా మచ్చలు పడే చోటు లక్షణం చూపించని చోటు. కాబట్టి బాగున్నాను అన్నది ఒక్కటే సరిపోదు, ఏటా స్కాన్ తీసేది అందుకే. అలాగని ఒక్క మచ్చకే మందు మార్చరు. ఎన్ని వచ్చాయి, వెన్నుపాములోనా, మెదడు కాండంలోనా, వెలుగుతోందా, మందు సరిగ్గా వాడారా అని చూసి నిర్ణయిస్తారు. మధ్యలో డోసులు ఎగ్గొట్టి ఉంటే నిజం చెప్పండి. లేకపోతే పనిచేస్తున్న మందును పనిచేయదని పక్కన పెట్టి, ఇంకా ఖరీదైనదానికి మారాల్సి వస్తుంది.

దీనికి తలకిందులుగా: స్కాన్‌లో మార్పు లేదంటున్నారు, మా నాన్నకు నడక మాత్రం తగ్గుతోంది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. మచ్చల సంఖ్యకు, మనిషి ఇబ్బందికి పొంతన కుదరకపోవడం ఎంఎస్‌లో బాగా తెలిసిన విషయమే. వెన్నుపాములో ఒక్క చిన్న మచ్చ నడక తీసేయగలదు, మెదడులో ముప్పై ఉన్నా ఒకాయన ఆఫీసుకు వెళ్తూ ఉండవచ్చు. పైగా జబ్బు ముదిరే దశలో కొత్త మచ్చలు రాకుండానే నరాల పోగులు మెల్లగా అరిగిపోతాయి. మామూలు స్కాన్ దీన్ని సరిగ్గా పట్టలేదు. మెదడు పరిమాణం తగ్గడాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, ఆ రోజు ఒంట్లో నీరు తగ్గినా అంకె మారిపోతుంది కాబట్టి ఒక్క మనిషి విషయంలో వాటి మీద ఆధారపడటం ఇంకా తొందరే. నాన్నగారు ఇరవై ఐదు అడుగుల దూరం నడవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ప్రతి విజిట్‌లో కొలిపించండి. నడక విషయంలో స్కాన్ కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఎండాకాలంలో తిమ్మిర్లు పెరిగాయి. ప్రతిసారీ స్కాన్ తీయించాలా?

అక్కర్లేదు. ఒళ్లు వేడెక్కితే పాత మచ్చల దగ్గర సంకేతాలు మందగించి పాత లక్షణాలే మళ్లీ వస్తాయి. రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చినా, జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇంతే. చల్లబడితే తగ్గిపోతాయి. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా, కొత్త లక్షణం 24 గంటలకు మించి నిలిస్తే అప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న తమ్ముడు ఫిల్ములు ఫోటో తీసి వాట్సాప్ చేయమంటున్నాడు. అక్కడి డాక్టర్‌కి చూపిస్తాడట.

కిటికీకి అడ్డం పెట్టి తీసిన ఫోటోలో ఎంఎస్ మచ్చలు తేల్చడం ఎవరి వల్లా కాదు. ఫిల్ము మీద ఉండేది వందల చిత్రాల్లోంచి ఏరిన కొన్నే. సెంటర్‌లో డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ అసలు చిత్రాలున్న) సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి. సీడీ పాడైపోతుంది, లింకు గడువు తీరిపోతుంది, అందుకని పెన్‌డ్రైవ్‌లోకి, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి తేదీతో పేరు పెట్టుకోండి. తమ్ముడికి ఆ ఫోల్డరే పంపండి. ఫిల్ములు బీరువాలో ఉన్నా సరే, మొదటి స్కాన్ ఫైళ్లు లేకపోతే ఐదేళ్ల తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

గర్భిణీగా ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు?

అవసరమైతే కాంట్రాస్ట్ లేకుండా తీయవచ్చు. గర్భంలో గడోలినియం వాడరు, తప్పనిసరి అయితే తప్ప. పాలిచ్చే తల్లికి కాంట్రాస్ట్ ఇచ్చినా పాలలోకి వెళ్లేది అత్యల్పం, పాలు మాన్పించనక్కర్లేదు.

సదరం శిబిరానికి ఎమ్మారై రిపోర్టు ఒక్కటి చాలా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. జబ్బు ఉందని చూపడానికి ఎమ్మారై, న్యూరాలజిస్ట్ రాసిన వివరాలు తీసుకెళ్లాలి. వైకల్య శాతం వేసేది మాత్రం నడక, చేతులు, చూపు ఎంత దెబ్బతిన్నాయన్నదాన్ని బట్టి. మచ్చలు ఎక్కువున్నాయి కాబట్టి శాతం పెంచండి అంటే కుదరదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్ శాఖ ఉంది, ఇలాంటి విషయాల్లో వాళ్లను అడగవచ్చు.

అక్కకు ఎంఎస్ వచ్చింది. చెల్లెలికి కూడా ముందు జాగ్రత్తగా స్కాన్ తీయించేదా?

వద్దు. తోబుట్టువులకు రిస్క్ మామూలు జనం కన్నా కొంచెం ఎక్కువే గానీ, మొత్తం మీద చూస్తే తక్కువే. లక్షణాలు లేని మనిషికి తీస్తే ఎంఎస్ కన్నా అర్థంకాని చుక్కలు దొరికే అవకాశమే ఎక్కువ, ఆ తర్వాత పైన చెప్పిన టెన్షన్ అంతా మొదలు. ఒక కంటి చూపు మసకబారి ఆ కన్ను తిప్పితే నొప్పి వేసినా, కాళ్లు లేదా నడుము నుంచి కిందికి మొద్దుబారి రోజుల తరబడి తగ్గకపోయినా, మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు అనిపించినా అప్పుడు న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, అక్కకు ఎంఎస్ ఉందన్న సంగతి మొదటే చెప్పండి.